సరదాకి పట్టేవాడికే చట్టం ఎక్కువ

ఆదివారం పొద్దున మా క్లినిక్ ల్యాబ్‌లో రక్తం సీసాల మీద పేర్లు అంటిస్తుంటే ఫోన్ మోగింది. ఉమ్ సలాల్ తోటలో బాబాయ్‌తో ఒకే గదిలో ఉంటున్న కడప డ్రైవరు. నంబరు ఇచ్చిపుచ్చుకున్నామే గాని అతను నాకు ఎప్పుడూ ఫోన్ చేయలేదు. ఎత్తకముందే కబురేమిటో తెలిసిపోయింది.

"అక్కా, పెద్దాయన పొద్దున లేయలా. టీ పెట్టుకోనొచ్చి ఎంత పిల్చినా పలకలా. చెయ్యి పట్టుకుంటే సల్లగుండాది" అన్నాడు.

ఏ చెయ్యి అని అడగబోయి ఆగిపోయాను. అలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా? కానీ రెండేళ్ళుగా ఆయన కుడిచెయ్యి నా కళ్ళముందు నుంచి కదలలేదు. ఎందుకు కదలలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మంచిమాట రాయడం సులువే. బాబాయ్ గురించి మంచిమాట రాయాలంటే మాత్రం మా గురించి ఒక చెడ్డమాట రాయక తప్పదు.

బాబాయ్ నాకు చుట్టం కాదు. నాది విజయనగరం. ఆయనది కళింగపట్నానికి అవతల ఒక చేపల పల్లె. ఈ ఖతర్ దేశంలో మా వైపు మాట వినపడితే చాలు, వరస కలిపేసుకుంటాం. బాబాయ్ ఇరవై ఏళ్ళ కిందట వచ్చి, ఒక ఖతరీ పెద్దమనిషి సొంత పడవకి పనివాడిగా చేరాడు. ఆ పెద్దమనిషిని ఆయన అర్బాబ్ అనేవాడు, యజమాని అని. ఆ అర్బాబే మావారి ఆఫీసులో పై అధికారి కూడా. చేపలు పట్టే సరదా ఉన్న ఉద్యోగులకి శుక్రవారాలు తన పడవ ఇచ్చేవాడు, ఒక్క షరతు మీద: పడవలో మాట బాబాయ్‌ది. ఆఫీసులో నువ్వు ఎంతవాడివైనా, రేవు దాటాక ఆ శ్రీకాకుళం మనిషి చెప్పినట్టు వినాల్సిందే.

మొదటిసారి అల్ ఖోర్ రేవులో ఆ పడవ ఎక్కిన రోజు నాకు బాగా గుర్తు. తాడు విప్పకుండానే మా అందర్నీ కూర్చోబెట్టాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం ఒకటి తీశాడు. సరదా వేటకి వెళ్ళేవాళ్ళకి సర్కారు ఇచ్చే నిబంధనల కాగితం. ఒకవైపు అరబ్బీ, రెండోవైపు ఇంగ్లీషు. ఆయనకి రెండూ చదవడం రాదు.

"అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఇది తెలుగులో సెప్పు. ఎవులెవులో సెప్పారు గాని, తలోమాటా సెప్పారు" అన్నాడు.

చదివి చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు. చివరికి వచ్చాక మొదటి నుంచి చివరిదాకా ఒక్క ముక్క పోకుండా నాకే అప్పజెప్పాడు. ఆ తరవాత ఏటా కాగితం మారినప్పుడల్లా నాచేత చదివించుకునేవాడు. ఏ చేప ఎంత పొడుగు లేకపోతే వదిలెయ్యాలో, ఏ నెలల్లో దేని జోలికి పోకూడదో, ఆయనకి వేళ్ళ మీద ఉండేది.

సొరచేప విషయంలో మాత్రం కాగితం ఏమన్నా, ఆయనకి వేరే చట్టం ఉండేది. ఇక్కడివాళ్ళు జర్జూర్ అంటారు దాన్ని. పడవ కదిలే ముందు బడిపిల్లల్ని అడిగినట్టు అడిగేవాడు.

"సొర పడితే ఏటి సేస్తారు?"

"పడవ ఎక్కించం" అనాలి మేము.

"ఎంతసేపు ఆడిస్తారు?"

"ఎంత తక్కువైతే అంత."

"కొక్కెం పీకుతారా?"

"పీకం. తాడు కోసేస్తాం."

"తోక?"

"ముట్టుకోం."

"ఫొటో?"

"నీళ్ళలో ఉండగానే."

ఎవరైనా నవ్వితే మళ్ళీ మొదలుపెట్టేవాడు. మెరిసే స్టీలు కొక్కేలు తెచ్చినవాడి పెట్టె రేవులోనే ఆగిపోయేది. తుప్పుపట్టి రాలిపోయే ఇనప కొక్కెమే వాడాలి, తాడు కోసేశాక అది జన్మంతా దాని నోట్లో ఉండిపోకూడదు అని. ఒకసారి మావారు విసుక్కున్నారు. "మీ ఊళ్ళో ఇవన్నీ పాటించేవారా బాబాయ్? వలలో పడిందల్లా తెచ్చేసేవారు కాదూ?"

బాబాయ్ కోప్పడలేదు. తాడు చుట్టుకుంటూ అన్నాడు. "తిండికి పట్టేవోడికి ఆకలే సట్టం బాబూ. కడుపు నిండితే వల ఒగ్గీసి తొంగుంటాడు. సరదాకి పట్టేవోడికి ఎప్పుడు నిండుతాది? ఆడికే సట్టం ఎక్కువుండాల."

ఆ మాట ఆయన మంచితనం వల్ల అంటున్నాడని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, భయం వల్ల అన్నాడని. సముద్రం మీద ఆయన ఎప్పుడూ హాయిగా ఉండగా నేను చూడలేదు. నీటికి వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. చేపలు కోసి నెత్తురు కడిగినప్పుడు పడవ అంచు మీద ఎవరి చెయ్యీ వేలాడనిచ్చేవాడు కాదు. గంటకోసారి మమ్మల్ని వేలితో చూపిస్తూ లెక్కపెట్టేవాడు. అలలు ఆగిపోయి నీళ్ళు నూనెలా మారితే మేము ఆహా ఎంత ప్రశాంతంగా ఉందో అనుకునేవాళ్ళం. ఆయన మాట్లాడటం మానేసేవాడు. ఎందుకని అడిగితే, "నీరు పడుకున్నాదంటే కింద ఎవులో లేచున్నట్టే" అనేవాడు.

మా పాప పుట్టినప్పుడు మా అమ్మ విజయనగరం నుంచి వచ్చింది. బాలింతకి సొర పిట్టు పెడితే పాలు పడతాయని మా వైపు నమ్మకం. ఈ ఎడారిలో సొర ఎక్కడ దొరుకుతుందని అమ్మ దిగులుపడితే, మర్నాడే బాబాయ్ బజారులో కొని సంచిలో పట్టుకొచ్చాడు. మూరెడు పొడుగున్న పాలసొర. తనే మా వంటింట్లో పసుపునీళ్ళలో ఉడకబెట్టాడు. ఇసకకాగితం లాంటి తోలు వలిచి, కండ చిదిపి, దాంట్లోకి వెల్లుల్లి, మిరియం దండిగా దట్టించాడు. ఇల్లంతా ఆ ఘాటే.

"పడవలో పడతాయంట గదా బాబూ, డబ్బెట్టి కొనడమెందుకు?" అంది అమ్మ.

"అది సరదా పడవ అక్కా. దాంట్లోంచి సొర దిగదు. ఇది పసిబిడ్డ ఆకలి. దీని లెక్క వేరు" అన్నాడు. గరిటె తిప్పుతూనే ఇంకోమాట కూడా అన్నాడు. "బజార్లో పది సేపలు సూసి ఇది తెచ్చాను. మిగతావి కడుపుతో ఉన్నాయి. సేపైతే లచ్చ గుడ్లు పెడతాది, పోతే పోయాయి. సొర మనలాగే, మోసి కంటాది. నాలుగో ఐదో కంటాది. ఒకదాన్ని సంపితే ఇల్లంతా సంపినట్టు."

అమ్మకి ఆ మాట నచ్చలేదు. పురిటింట్లో చావు మాటలేమిటని తరవాత నా దగ్గర గొణిగింది. పిట్టు మాత్రం నేను తిన్నాను. పాలూ పడ్డాయి.

పాపకి మూడేళ్ళు వచ్చాక జరిగింది నేను చెప్పవలసిన సంగతి.

మే నెల మొదట్లో ఒక శుక్రవారం. పాపని పక్కింట్లో అప్పగించి మేమిద్దరం బయల్దేరాం. మావారి స్నేహితుడొకడు దోహా నుంచి వచ్చాడు. కరీంనగర్ మనిషి, సరదా మనిషి, సముద్రం మీదికి రావడం అదే మొదలు. రేవులో బాబాయ్ ప్రశ్నలకి అతను నవ్వుతూ జవాబులు చెప్పాడు. బాబాయ్ మళ్ళీ మొదటి నుంచి అడిగాడు. మళ్ళీ నవ్వుతూనే చెప్పాడు. మూడోసారి అడక్కుండా బాబాయ్ తాడు విప్పేశాడు. ఎందుకు వదిలేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. అర్బాబ్ ఆఫీసు మనిషికి స్నేహితుడు కదా అని మొహమాటపడ్డాడేమో.

ఆ పడవలో నాకూ ఒక పని ఉండేది. పొడుగు పిడి ఉన్న కత్తెర ఒకటి ఉండేది, సొర పడితే నోటి దగ్గరిదాకా చాచి తాడు కోసేందుకు. అది నా చేతికిచ్చేవాడు బాబాయ్. "మగోలు సేప సూస్తే మనుసులు కారు. నువ్వైతే సెప్పగానే కోస్తావు" అనేవాడు. ఆ నమ్మకానికి నేను లోపల పొంగిపోయేదాన్ని.

ఆరోజు గాలి లేదు. ఎడారి దుమ్ము పైకి లేచి అక్కడే నిలబడిపోయింది. ఆకాశం ఎక్కడ అయిపోయి నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. పక్షి ఒక్కటి కూడా లేదు. రెండు గంటలు కూర్చున్నా ఒక్క చేప పడలేదు. బాబాయ్ మాట్లాడటం మానేశాడు. చివరికి, "ఇయ్యాల ఎల్లిపోదాం బాబూ" అన్నాడు.

"గింత దూరమొచ్చి ఉత్త చేతులతోని పోతమా బాబాయ్? ఇంకో గంట సూద్దాం" అన్నాడు స్నేహితుడు. మావారూ తలాడించారు.

"ఎల్లిపోదాం" అన్నాడు బాబాయ్ మళ్ళీ. ఇంతలో స్నేహితుడి గాలం కర్ర వంగింది.

పెద్దచేప పడితే తాడు జర్రున లాక్కుపోతుంది. ఇది అలా కాదు. బరువుగా, నెమ్మదిగా, పడవ కిందికి వెళ్ళింది. అక్కడే ఆగింది. బాబాయ్ లేచి నిలబడ్డాడు. "సొర" అన్నాడు. "ఆడించకండి. బిగించి దగ్గరికి లాగండి. ఒగ్గీద్దాం."

పావుగంటలో పైకి వచ్చింది. బూడిదరంగు వీపు, నా భుజం ఎత్తు పొడుగుంటుంది. పడవ పక్కన ఒరిగినప్పుడు పొట్ట కనబడింది. తెల్లగా, ఉబ్బి ఉంది. ల్యాబ్‌లో రోజూ గర్భిణులు నా ఎదుటి కుర్చీలో కూర్చుంటారు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"కడుపుతో ఉన్నాది. కొయ్యమ్మా" అన్నాడు బాబాయ్.

కత్తెర నా కుడిచేతిలో ఉంది. ఎడమచేతిలో ఫోన్ ఉంది.

"ఒక్క నిమిషం బాబాయ్. ఒక్క ఫొటో" అన్నాను.

ఈ మాట అన్నది మావారు కాదు, ఆయన స్నేహితుడూ కాదు. నేను. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఇదే.

ఆ నిమిషంలోనే అంతా జరిగింది. నేను కొయ్యకపోవడం చూసి, సరేనన్నట్టు తోచింది కాబోలు, స్నేహితుడు వంగి తోక పట్టుకున్నాడు. "పట్టు, పట్టు, పైకి గుంజు" అంటే మావారు రెండో చెయ్యి వేశారు. బాబాయ్ పడవ ముందువైపు నుంచి పరుగున వచ్చేసరికి అది పడవలో ఉంది. పెద్దగా కొట్టుకుంటుందనుకున్నాను. కొట్టుకోలేదు. రెండుసార్లు తోక విదిల్చి పడుకుంది. అప్పుడు దాని కింద నుంచి, నీళ్ళతో పాటు, ఒక పిల్ల జారి వచ్చింది. జానెడుంది. అన్నీ ఉన్నాయి దానికి, రెక్కలు, కళ్ళు, అంతా తల్లిలాగే. తరవాత ఇంకొకటి.

నా ఫోన్ ఇంకా ఎత్తే ఉంది.

బాబాయ్ తడిగుడ్డ ఒకటి దాని కళ్ళ మీద వేసి, పడవ వెనకవైపున్న చిన్న తలుపు తెరిచాడు. "దూరం జరగండి. ఎవులూ ముట్టుకోకండి" అన్నాడు. దాని రెక్కల వెనక చేతులు వేసి మెల్లగా తలుపువైపు జరపసాగాడు. అది కదలడం లేదు.

"సచ్చిపోయిందే" అంటూ స్నేహితుడు దాని మూతి పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా వైపు తిరిగి, "వదినా, ఒక్కటి గొట్టు" అన్నాడు.

సచ్చిందనుకున్న సొరే కరుస్తాది అని బాబాయ్ మాకు ఎన్నిసార్లు చెప్పాడో. అతనికి చెప్పాడో లేదో గుర్తు లేదు. సొర తల ఒక్కసారి పక్కకి తిరిగింది. అది తిరగడం నేను చూడలేదు, బాబాయ్ చూశాడు. తన కుడిచెయ్యి అతని ఛాతీకి అడ్డంగా చాచి వెనక్కి తోశాడు. స్నేహితుడు వెల్లకిలా పడ్డాడు. చెయ్యి అక్కడే, సొర పళ్ళ మధ్య, ఉండిపోయింది.

బాబాయ్ అరవలేదు. అది వదిలేదాకా కదలకుండా ఆగాడు. లాక్కుంటే కండ ఊడివస్తుందని ఆయనకి తెలుసు. వదిలింది. అప్పుడు ఎడమచేత్తో, మోకాలితో దాన్ని తలుపులోంచి నీళ్ళలోకి తోసేశాడు. మావారు ఆయన భుజం పట్టుకోబోతే విదిలించుకున్నాడు. "పిల్లలు ముందు" అన్నాడు. పడవలో నాలుగు ఉన్నాయి అప్పటికి. వంగి ఒక్కొక్కదాన్నే ఎడమచేత్తో తీసి నీళ్ళలో వదిలాడు. నేను నా చున్నీ ఆయన చేతికి చుట్టాను. రెండు చుట్లకే తడిసిపోయింది.

రేవుకి నలభై నిమిషాల దారి. ఆ దారిలో నీటికింద ఇసకమేటలు ఎక్కడున్నాయో ఆయనకొక్కడికే తెలుసు. స్టీరింగ్ మావారికి ఇవ్వలేదు. ఎడమచేత్తోనే నడిపాడు. ఆ నూనెనీళ్ళ మీద మా వెనక ఒక దారి పడుతోంది. నేను వెనక్కి చూస్తుంటే, "సూడకమ్మా" అన్నాడు. మధ్యమధ్యలో మా వైపు తిరిగి, "నలుగురం. నలుగురవేనా?" అని అడుగుతున్నాడు. అవును బాబాయ్ అంటున్నాను. కాసేపటికి మళ్ళీ అడుగుతున్నాడు. చివరి పది నిమిషాలు ఆయన పెదాలు కదిలాయి గాని మాట బయటికి రాలేదు.

రేవులో అంబులెన్సు వచ్చేలోపు అర్బాబ్ వచ్చాడు. తనిఖీ ఉద్యోగి ఒకడు పడవలోకి తొంగిచూసి ఏదో రాసుకుంటున్నాడు. పడవంతా నెత్తురు. ఎవరిదెంతో తెలియదు. అర్బాబ్ ముందు బాబాయ్ చెయ్యి చూశాడు. తరవాత పడవ చూశాడు. జర్జూర్‌ని పడవలోకి ఎవరు తెచ్చారని అరబ్బీలో అడిగాడు. ఆపాటి అరబ్బీ మాకందరికీ అర్థమవుతుంది.

"అనా" అన్నాడు బాబాయ్. నేను, అని. "గల్తీ మేరా, అర్బాబ్. కొక్కెం తీద్దామని నేనే."

అర్బాబ్ మా ముగ్గురి వైపు చూశాడు. ముగ్గురం చదువుకున్నవాళ్ళం. ముగ్గురికీ నాలుగు భాషలు వచ్చు. ఒక్క భాషలోనూ ఒక్క మాట రాలేదు.

చెయ్యి నిలిచింది. చూపుడువేలు, మధ్యవేలు మాత్రం ముడుచుకోవు, వాటికి స్పర్శ లేదు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అర్బాబ్ బాగానే చూసుకున్నాడు. తరవాత, పడవ చట్టం తప్పినవాడు పడవలో ఉండకూడదని, ఉమ్ సలాల్‌లో తన అన్నగారి తోటకి పంపేశాడు. మేకలకి గడ్డి వెయ్యడం, ఖర్జూరం చెట్లకి నీళ్ళు పెట్టడం. పుట్టినప్పటి నుంచి ఉప్పునీళ్ళు తప్ప ఎరగని మనిషి. స్నేహితుడు రెండుసార్లు ఫోన్ చేసి ఎలా ఉన్నాడని అడిగాడు. తరవాత అదీ మానేశాడు.

మూడు వారాలకి నేనొక్కదాన్నే తోటకి వెళ్ళాను. నీడలో కూర్చుని ఎడమచేత్తో గడ్డికట్ట విప్పుతున్నాడు. అర్బాబ్‌కి నిజం చెప్పేస్తానన్నాను.

"సెప్తే నా ఏళ్ళు తిరిగొస్తాయేటి? మీ ఆయన ఉజ్జోగం పోద్ది. పసిపిల్లతో రోడ్డు మీద పడతారు. ఊరుకో."

"నేను కొయ్యలేదు బాబాయ్. కొయ్యమన్నావు, కొయ్యలేదు."

"తెలుసు. నీ మీద కోపం లేదమ్మా" అన్నాడు. నేను ఏడవబోతుంటే చెయ్యి ఎత్తి ఆపాడు. "లేదన్నాను గదా అని మర్సిపోకు. మర్సిపోతే మళ్ళీ సేస్తావు."

ఇంటికొస్తూ నాకు తేలికగా అనిపించింది. ఆ సంగతి చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఊరుకోమన్నాడు కాబట్టి ఊరుకున్నాను. రెండేళ్ళు హాయిగా ఊరుకున్నాను.

హాయిగా అన్నది పూర్తి నిజం కాదు. ఆరోజు తీసిన ఫొటోలు మూడు ఉన్నాయి నా దగ్గర. స్నేహితుడు పంపమన్నాడు, పంపలేదు. చెరపాలనుకున్నాను, చెరపలేదు. మూడోదాంట్లో బాబాయ్ ముందువైపు నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. సొర వైపు చూడటం లేదు. నా వైపు చూస్తున్నాడు.

నెలకోసారి తోటకి వెళ్ళేదాన్ని. సర్కారు నిబంధనలు మారితే ఫోన్‌లో వెతికి చదివి వినిపించేదాన్ని. మేకల మధ్య నిలబడి, ఇక ఏనాడూ పడవ ఎక్కని ఆ మనిషి, మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పేవాడు. ఎందుకు బాబాయ్ అంటే, "తెలిసుండాల గదా" అనేవాడు. ఒక్కొక్కసారి మాట మధ్యలో ఆగి తూర్పువైపు తల తిప్పేవాడు. సముద్రం అక్కడికి కనబడనంత దూరం. "గాలి ఆగిపోనాది సూడు" అనేవాడు. నిజంగానే ఆగిపోయి ఉండేది. ఆ తోటలో, పట్టపగలు, మేకలు అరుస్తుండగా, నేనూ తూర్పువైపు తిరిగి చూసేదాన్ని. ఆ పిల్లల గురించి మాత్రం ఒక్కసారే అడిగాడు. "నాలుగు ఒగ్గీసాను. ఎన్ని ఈదాయో నువ్వు సూసావేటి?" చూడలేదన్నాను. నేను ఆయన చెయ్యి చూస్తున్నానప్పుడు. తలూపాడు. మళ్ళీ అడగలేదు.

ఆయన్ని ఊరికి పంపే ముందు, ఆస్పత్రి శవాగారం దగ్గర కాగితాలు పూర్తి చేయడానికి అర్బాబ్ స్వయంగా వచ్చాడు. మావారూ నేనూ అక్కడే ఉన్నాం. ముందురోజు ఇద్దరం మాట్లాడుకున్నాం. పెద్దగా మాట్లాడిందేమీ లేదు, చెప్పేద్దామని నేనన్నాను, సరేనన్నారు. వరండాలో నిలబడి అంతా చెప్పాం. ఎవరు లాగారో, ఎవరు కొయ్యలేదో, ఎవరు ఎవరికి చెయ్యి అడ్డం పెట్టారో.

అర్బాబ్ అడ్డు రాకుండా విన్నాడు. అరవలేదు. చేతిలోని జపమాల పూసలు ఆగిపోయాయి, అంతే. చివరికి ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు. "ఇరవై ఏళ్ళు నాకు పనిచేసిన మనిషిని నేను సముద్రం నుంచి వెళ్ళగొట్టాను. అతను బతికుండి వినగలిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

ఆయన కాగితాల మీద సంతకం చేసి వెళ్ళిపోయాడు. వచ్చే ఆదివారం తన గదికి రమ్మని మావారికి నిన్న కబురొచ్చింది. ఎందుకో రాయలేదు. ఏమైనా కావచ్చు. భయంగానే ఉంది. కానీ ఈ భయం మాకు రెండేళ్ళ కిందటే రావలసింది, ఇన్నాళ్ళూ మా బదులు బాబాయ్ మోశాడు.

పోయిన నెల ఒక శుక్రవారం సాయంకాలం ఆయన్ని తోట నుంచి అల్ ఖోర్ అవతల మడచెట్ల తీరానికి తీసుకెళ్ళాం. రెండేళ్ళ తరవాత సముద్రం చూడటం. సంతోషిస్తాడనుకున్నాను. చెప్పులు విప్పలేదు. తడి ఇసకకి రెండడుగుల ఇవతలే ఆగాడు. పోటు వస్తోంది. నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు, అడుగున గవ్వలు కనబడుతున్నాయి. ఏమీ లేదు అందులో. పాప గౌను పైకి పట్టుకుని అటు పరుగెత్తింది. బాబాయ్ ఆ చెయ్యి చాచాడు. పాపని ముట్టుకోలేదు, దాని ముందు అడ్డంగా పెట్టాడు, అంతే. అది ఆగిపోయి ఆయన ముఖంలోకి చూసింది. ఏమనుకుందో గాని మారుమాట్లాడకుండా వెనక్కొచ్చి నా కొంగు పట్టుకుంది. పొద్దు వాలుతోందని మేము కారు దగ్గరికి నడిచాం. పాపని సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, బాబాయ్‌ని పిలుద్దామని తిరిగాను. నీళ్ళు ఆయన చెప్పుల దాకా వచ్చాయి. అలాగే నిలబడి ఉన్నాడు, ఆ ఖాళీ నీళ్ళవైపే చూస్తూ. ఆయన పక్కన ఎవరూ లేరు. చెయ్యి ఇంకా అడ్డంగా చాచే ఉంది.